అమ్మమ్మ కాలేజీ రోజులు రికార్డు చేయాలంటే ముందు ట్రంకుపెట్టె గురించి అడగండి

మీ ప్రశ్న సారాంశం ఇది. అమ్మమ్మగారికి 88 ఏళ్ళు. 1951–53లో కాకినాడ పి.ఆర్. (పిఠాపురం రాజా) కాలేజీలో ఇంటర్, 1953–55లో మద్రాసు క్వీన్ మేరీస్‌ మహిళా కాలేజీలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివారు. ఆ జ్ఞాపకాలు రికార్డు చేసి చిన్న పుస్తకంగా వేద్దామని ఫోను ముందు పెట్టి కూర్చుంటే, "ఏముందే, బాగానే ఉండేది, ఆ రోజులే వేరు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తున్నారు. మర్చిపోయారేమోనని మీ అనుమానం.

చాలావరకు మర్చిపోయి ఉండరు. తేడా ప్రశ్నలో ఉంది. "కాలేజీ జీవితం ఎలా ఉండేది?" అంటే నాలుగేళ్ళనీ ఒక్క మాటలో తూకం వేసి చెప్పమని అడిగినట్టు. దానికి ఎవరైనా "బాగుండేది" అనే అంటారు. జ్ఞాపకం వస్తువుని పట్టుకుని ఉంటుంది, దారిని పట్టుకుని ఉంటుంది, గంట మోతని పట్టుకుని ఉంటుంది. వాటి గురించి అడిగితే మిగతావి వాటంతట అవే వస్తాయి.

మొదటిరోజు ఒక్క ట్రంకుపెట్టె గురించే అడగండి. మద్రాసు వెళ్ళేటప్పుడు పెట్టె ఏ రంగుది, ఎవరు కొన్నారు, మూత మీద పేరు రాయించారా, రాయిస్తే ఏ పేరు, ఇంగ్లీషులోనా తెలుగులోనా. అడుగున ఏం సర్దారు, పైన ఏం పెట్టారు. చీరలెన్ని, వాటిలో వాయిలువి ఎన్ని, పరికిణీ ఓణీల నుంచి చీరకు మారింది ఎప్పుడు. మరచెంబు పట్టుకెళ్ళారా, కూజానా. పక్కచుట్ట ఎవరు మోశారు. సున్నుండలు, జంతికలు ఎన్నాళ్ళు వచ్చేవి, గదిలో ఎవరెవరికి పెట్టేవారు. పెట్టె తాళంచెవి ఎక్కడ దాచుకునేవారు. ఈ ఒక్క పెట్టె మీదే ముప్పావుగంట సాగుతుంది. తాళంచెవి దగ్గరికొచ్చేసరికి సాధారణంగా గదిలో ఉన్న మిగతా అమ్మాయిల పేర్లు మొదలవుతాయి.

రెండోసారి దారి. ఇంటి గుమ్మం నుంచి హాస్టల్ గది దాకా అంగుళం అంగుళం నడిపించండి. కాకినాడ నుంచి సామర్లకోట వచ్చి పెద్ద లైను బండి ఎక్కాలి కదా, అక్కడ ఎంతసేపు కూర్చునేవారు, తోడు ఎవరు, ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కేవారా, గోదావరి వంతెన ఏ వేళకి వచ్చేది, నీళ్ళలో కాణీ (పాత చిన్న నాణెం) పడేసేవారా, మద్రాసు సెంట్రల్లో దిగాక జట్కానా రిక్షానా ట్రామా. ఇక్కడొక తేదీ సాయపడుతుంది. మద్రాసులో ట్రాములు 1953 ఏప్రిల్లో ఆగిపోయాయి. ఆవిడ జూన్‌లో చేరారంటే "ట్రాము ఎక్కి కాలేజీకి వెళ్ళాం" అన్న జ్ఞాపకం అంతకుముందు బంధువులింటికి వెళ్ళినప్పటిదై ఉంటుంది. అలాంటిది ఎదురైతే మధ్యలో ఆపి దిద్దకండి. రాసుకుని ఉంచుకుని ఇంకోరోజు "అంతకుముందు ఎప్పుడైనా మద్రాసు వెళ్ళారా?" అని అడగండి. ముఖం మీదే తప్పు పడితే ఆ తర్వాత ప్రతి మాటకీ "నాకు సరిగ్గా గుర్తులేదులే" అనడం మొదలుపెడతారు.

మూడోసారి ఒక దినచర్య. పొద్దున లేపే గంట దగ్గర మొదలుపెట్టి దీపాలార్పే గంట దాకా. "భోజనం ఎలా ఉండేది?" అనకండి. "ఆదివారం మధ్యాహ్నం కంచంలో ముందు ఏం వడ్డించేవారు?" అనండి. అరవ వంట మొదట నోటికి ఎలా తగిలింది, ఇంటినుంచి ఆవకాయ తెచ్చుకోనిచ్చేవారా, ఆ జాడీ ఎక్కడ పెట్టేవారు, మజ్జిగలో నీళ్ళెక్కువని ఎవరు ఫిర్యాదు చేసేవారు. తలంట్లు ఏ వారం, వేణ్ణీళ్ళు ఎన్ని చెంబులు. బట్టలు ఎవరు ఉతికేవారు. వార్డెన్ దగ్గర పేరు రాసి బయటికి వెళ్ళాలంటే ఎవరి సంతకం కావాలి, చూడ్డానికి రాగల బంధువుల పేర్లు ముందే రాసివ్వాలా, ఎన్నింటిలోగా తిరిగి రావాలి. రోడ్డు దాటితే మెరీనా కదా, సాయంత్రం ఇసకలోకి వెళ్ళనిచ్చేవారా. భవనాల పేర్లు కూడా అడగండి. క్వీన్ మేరీస్ 1914లో క్యాపర్ హౌస్ అనే పాత భవనంలో మొదలైంది. ఆ భవనం ఇప్పుడు లేదు. "క్యాపర్ హౌస్ మెట్లు చెక్కవా, రాతివా?" అని మీరు అడిగితే, మనవరాలికి ఆ పేరు తెలుసునన్న సంతోషమే ఆవిడ చేత అరగంట మాట్లాడిస్తుంది.

కాకినాడ రోజులు వేరే రకం. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలోనే ఆడపిల్లల్ని చేర్చుకున్న కాలేజీ అది. అయినా 1950ల్లో కూడా మగపిల్లలతో కలిసి చదవడానికి కొన్ని కట్టుబాట్లుండేవి. ఆ కాలపు చాలా కాలేజీల్లో అమ్మాయిలు గంట కొట్టేదాకా ఆడపిల్లల విశ్రాంతి గదిలో ఉండి, లెక్చరరు వస్తుంటే ఆయన వెనకాలే వరసగా క్లాసులోకి వెళ్ళి, ముందు బెంచీల్లో కూర్చుని, ఆయన వెళ్ళిపోతుంటే మళ్ళీ ఆయన వెంటే బయటికి వచ్చేవారు. అక్కడా అలాగే జరిగేదా అని అడగండి. గదిలో బెంచీలెన్ని, తలుపుకి గడియ లోపలా బయటా, హాజరు పిలిచేటప్పుడు పేరా నంబరా, "ప్రెజెంట్ సార్" అనడానికి మొదట గొంతు పెగిలేదా, లైబ్రరీలో పుస్తకం స్వయంగా తీసుకునేవారా లేక అటెండరుతో తెప్పించుకునేవారా. ప్రాక్టికల్స్ ఉన్న గ్రూపు కాకపోయినా, సైన్సు అమ్మాయిలు ఎవరితో జట్టు కట్టేవారో గుర్తుంటుంది.

ఇప్పుడు చదువు మెట్ల సంగతి. ఇక్కడే మనవలు ఎక్కువగా తప్పులో కాలేస్తారు. ఆవిడ "ఫస్ట్ ఫారం" అంటే మన ఆరో తరగతి, "సిక్స్త్ ఫారం" అంటే పదకొండో తరగతి. దాని చివర ఎస్.ఎస్.ఎల్.సి. దాన్నే స్కూల్ ఫైనల్ అనేవారు. తర్వాత కాలేజీలో రెండేళ్ళ ఇంటర్, ఆపైన రెండేళ్ళ బి.ఏ. ఇంటర్ తర్వాత మూడేళ్ళు చదివితే బి.ఏ. ఆనర్స్. 1950ల రెండో సగంలో ఈ ఇంటర్ పోయి ఒక ఏడాది పి.యు.సి. (ప్రీ యూనివర్సిటీ కోర్సు), మూడేళ్ళ డిగ్రీ వచ్చాయి. 1969–70లో అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో మళ్ళీ రెండేళ్ళ ఇంటర్ వచ్చింది. అది పదో తరగతి తర్వాతది. కాబట్టి మీ అమ్మగారి ఇంటర్, అమ్మమ్మగారి ఇంటర్ పేరుకే ఒకటి. పుస్తకంలో ఒక్క వాక్యం పెట్టి ఇది చెప్పకపోతే, ఆవిడ రెండేళ్ళలో బి.ఏ. ఎలా పూర్తిచేశారని చదివేవాళ్ళకి సందేహం వస్తుంది.

పరీక్షల భాష కూడా తెలిసుండాలి. పార్ట్ వన్ ఇంగ్లీషు, పార్ట్ టూ తెలుగో సంస్కృతమో, పార్ట్ త్రీ ఎంచుకున్న సబ్జెక్టులు. వీటిని విడివిడిగా పాసవ్వచ్చు. మార్చిలో ఒకటి పోతే సెప్టెంబరులో మళ్ళీ కట్టేవారు. లెక్క ప్రకారం ఒక ఏడాది ఎక్కడో ఖాళీగా కనిపిస్తే దాని వెనక పార్ట్ వన్ ఉండొచ్చు, పెళ్ళి ఉండొచ్చు, టైఫాయిడ్ ఉండొచ్చు. "ఈ ఏడాది ఏమైంది?" అని నిలదీయకండి. "ఆ ఏడు వేసవిలో ఎక్కడున్నారు?" అంటే చాలు. ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. ఆ పేపరు ఎవరు తెచ్చారు, నంబరు ఎవరు వెతికారు అన్నది తప్పకుండా గుర్తుంటుంది.

తేదీల దగ్గరకొద్దాం. "ఏ సంవత్సరం?" అని అడిగితే 80 దాటినవాళ్ళు తడబడతారు, అది వాళ్ళకి అవమానంగా కూడా ఉంటుంది. ఊరంతటికీ తెలిసిన సంఘటనలకి ముడిపెట్టి అడగండి. గాంధీగారు పోయిన రోజు 1948 జనవరి 30. అప్పటికి ఏ ఫారంలో ఉన్నారు, రేడియో ఎవరింట్లో ఉంది? పొట్టి శ్రీరాములుగారు దీక్షలో పోయింది 1952 డిసెంబరు 15 రాత్రి. ఆవిడ ఇంటర్ రెండో ఏడు. కాలేజీ మూశారా, ఎన్నాళ్ళు, ఇంటికెలా వెళ్ళారు? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఇది మీకు చాలా విలువైన ప్రశ్న. జూన్‌లో ఆవిడ చేరినప్పుడు కాకినాడ, మద్రాసు ఒకే రాష్ట్రం. ఆ ఏడు దసరా సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి రెండూ వేరు. హాస్టల్లో తెలుగమ్మాయిలూ అరవమ్మాయిలూ ఆ నెలల్లో ఏం మాట్లాడుకున్నారన్నది ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకదు. ఆవిడ దగ్గరే దొరకాలి.

సినిమాల మీద మాత్రం గట్టిగా ఆధారపడకండి. పాతాళభైరవి 1951, దేవదాసు 1953 అని విడుదల సంవత్సరాలు తెలుసు కదా అని తేదీ వేసేస్తారు. కానీ ఒక్కో బొమ్మ ఊళ్ళకి ఆలస్యంగా చేరేది, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ ఆడేది. విడుదలకి ముందు చూసి ఉండరని చెప్పడానికి పనికొస్తుందంతే.

డబ్బు కూడా కాలాన్ని పట్టిస్తుంది. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కాణీలు. ఆ తర్వాత వంద నయాపైసలు. ఆవిడ "బేడ" అంటే రెండణాలు, "పావలా" అంటే నాలుగణాలు. బేడని పన్నెండు పైసలుగా మార్చి రాయకండి, ఆ మాటే ఉంచండి. కాలేజీ ముచ్చటలో నయాపైసలు వస్తే అది 1957 తర్వాతి సంగతి, ఉద్యోగం రోజులదో పెళ్ళయ్యాకదో అయ్యుంటుంది. ఫీజు, మెస్ బిల్లు, నెలకి ఇంటినుంచి వచ్చే మనియార్డరు మొత్తం అడగండి. మనియార్డరు ఫారం చివర నాలుగు మాటలు రాసే కూపను ఉండేది. దాన్ని దాచుకున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. నాన్న చేతిరాత కదా. పాత పర్సుల్లో, పుస్తకాల మధ్య వెతకండి.

ఇంకొకరు అడగబోతారని ముందే చెబుతున్నాను. హైదరాబాదులో చదివినవాళ్ళయితే లెక్కలు వేరు. అక్కడ నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా రూపాయిలు ఏడిస్తే ఆరు బ్రిటిషిండియా రూపాయిలు వచ్చేవి. పాత సర్టిఫికెట్ల మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం రాజ్యంలో వాడిన ఏళ్ళ లెక్క, ఉంటుంది. ఆ ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఫసలీకి 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఆజూర్ 1357 అంటే 1947. కోఠీ ఉమెన్స్ కాలేజీ 1924లో మొదలైనా కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది 1949లో. "కోఠీ మేడ మెట్ల మీద" అన్న జ్ఞాపకం అంతకుముందుది కాదు. అలాగే 95 దాటిన పెద్దవాళ్ళు "యూనివర్సిటీ గుంటూరులో ఉన్నప్పుడు" అంటే పొరపాటనుకోకండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొన్నేళ్ళు గుంటూరుకి తరలించారు.

కాగితాలు బయటికి తీసేటప్పుడు ముందు ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం చూడండి. అది ఒక్క కాగితం కాదు, అట్ట వేసిన చిన్న పుస్తకం. పుట్టుమచ్చలు, మార్కులు, హెడ్మాస్టరు సంతకం ఉంటాయి. అందులో ఇంటిపేరు పుట్టింటిదే ఉంటుంది, దాన్ని తప్పక నమోదు చేయండి. పుట్టినతేదీ మాత్రం నమ్మకండి. బళ్ళో వేసేటప్పుడు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ వేయడం మామూలు. "అసలు పుట్టిన తిథి ఏది?" అని విడిగా అడగండి. ఊళ్ళ పేర్లు కోకనాడ, బెజవాడ అని పాత పద్ధతిలో ఉంటే అలాగే ఎత్తి రాయండి.

ఫొటోల విషయంలో తొందరపడితే నష్టం తిరిగి రాదు. అట్టకి అంటించిన గ్రూపు ఫొటోని ఊడదీయకండి. అట్ట మీద అచ్చొత్తిన స్టూడియో పేరు, కింద రాసిన ఏడాది, వరసల పేర్లు ఫొటో అంత ముఖ్యం. 600 డీపీఐ స్పష్టతలో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, ముందూ వెనకా రెండూ స్కాన్ చేయండి. అద్దం కింద అతుక్కుపోయిన ఫొటో అయితే లాగకండి, అద్దంతోనే వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి కెమెరాతో తీయండి. వెనక బాల్ పెన్నుతో రాస్తే ముందువైపు గాడి పడుతుంది, మెత్తని బి పెన్సిలుతో అంచున తేలిగ్గా రాయాలి. సెల్లోటేపు అసలు వద్దు, కొన్నేళ్ళకి పసుపు మరక మిగులుతుంది. ఆ తర్వాత స్కాన్‌ని పెద్ద తెర మీద ఒక్కొక్క ముఖంగా పెంచి చూపిస్తూ, రికార్డరు నడుస్తుండగానే పేర్లు అడగండి. ముఖం పెద్దదయ్యేసరికి పేరుతోపాటు ఆ అమ్మాయి ఊరూ, పాడిన పాటా, పెళ్ళయి మధ్యలో మానేసిన సంగతీ వస్తాయి. ఆవిడకి కన్ను ఆనకపోతే జడ, జాకెట్టు చేతుల పొడవు వర్ణించి చెప్పండి.

రికార్డింగు సంగతి. మంచి ఫోను చాలు. విమానం మోడులో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, నోటికి అడుగున్నర దూరంలో ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే చెయ్యి తగిలిన ప్రతిసారీ దబ్బుమని వినిపిస్తుంది. గాజుల చప్పుడు మాటని మింగేస్తుంది, కానీ గాజులు తీయమనకండి, ఫోనుని ఆవిడ ఎక్కువగా ఊపని చేతి వైపు పెట్టండి. ఫ్యాను ఆపాలి, అందుకే వేసవిలో పొద్దున ఏడు లోపే మంచిది. కుదిరితే ధ్వనిని కుదించని వేవ్ (WAV) ఫైలుగా రికార్డు చేయండి, మోనోలో గంటకి దాదాపు 300 ఎంబీ పడుతుంది. మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడుతున్నది ఎవరో మీరే చెప్పండి. ఒకసారికి ముప్పావుగంట మించకండి. చెవి మిషను పెట్టుకుంటే బ్యాటరీ ముందే చూసుకోండి. రికార్డు అవగానే అదేరోజు ఇంకో రెండుచోట్ల కాపీ పెట్టండి, వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉండాలి.

గదిలో మీరూ ఆవిడా తప్ప ఎవరూ ఉండకపోతే మేలు. కొడుకో అల్లుడో ఉంటే "అలా కాదమ్మా, నువ్వు అప్పుడు చెప్పావుగా" అని వాళ్ళే చెప్పేస్తారు. తాతగారి ముందు అడగకూడనివి కొన్ని ఉంటాయి. నోటుపుస్తకంలో ఎవరో పెట్టిన ఉత్తరం, చదవాలనుకుని చదవలేకపోయిన ఎం.ఏ., ముట్టయిన రోజుల్లో హాస్టల్లో ఏం చేసేవారు, భోజనాల పంక్తులు కులాన్ని బట్టి విడిగా ఉండేవా, ఎవరినైనా దూరంగా కూర్చోబెట్టేవారా. ఈ చివరిది కష్టమైన ప్రశ్నే, అయినా అడగాలి. తప్పించుకుని అందమైన రోజులు మాత్రమే రాస్తే ఆ కాలాన్ని సగమే రాసినట్టు. ఒక్కసారి అడిగి ఆగండి. మీరు మౌనంగా పదంకెలు లెక్కపెట్టుకోండి. చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. "అది ఆపవే" అంటే వెంటనే ఆపండి, ఆపినట్టు తెర చూపించండి.

ఇక కాగితం మీద పెట్టడం. గంట మాట రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది, దానికి సిద్ధపడండి. మాటని అక్షరాలుగా మార్చే యాప్‌లు పని తగ్గిస్తాయి కానీ మరచెంబు, బేడ, ఫోర్త్ ఫారం లాంటి మాటల దగ్గర తప్పుతాయి. విని దిద్దాల్సిందే. అర్థంకాని చోట ఊహించి నింపకండి, నిమిషం, సెకను రాసి ఖాళీ ఉంచండి. "వొచ్చేశాం", "చెప్పేవోరు" అని ఆవిడ అంటే అలాగే ఉంచండి. పత్రిక భాషలోకి దిద్దితే గోదావరి జిల్లా పోతుంది, ఆవిడా పోతారు. మీ ప్రశ్నలు కూడా రాతప్రతిలో ఉండాలి, ఏ మాట తనంతట తాను చెప్పారో, ఏది మీరు అందించాక ఔనన్నారో తర్వాత తెలియాలి కదా.

పుస్తకం కూర్పులో సంవత్సరాల వరసకన్నా పెట్టె, దారి, రోజు, క్లాసు, సెలవులు అన్న వరస బాగా నిలుస్తుంది. ఒకే సంగతి రెండుసార్లు రెండు రకాలుగా చెప్పివుంటే ఒకటి కొట్టేయకండి, రెండూ పెట్టండి. బతికున్న స్నేహితురాళ్ళ గురించిన సొంత విషయాలుంటే వాళ్ళనో పిల్లలనో అడగండి, లేదా పేరు తీసేయండి. సర్టిఫికెట్ల ఫొటోలు నెట్‌లో పెట్టకండి, పుట్టినతేదీ, సంతకం మోసగాళ్ళకి పనికొస్తాయి.

అచ్చుకి ముందు మొత్తం 18 పాయింట్ల అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే, పక్కన మూడువేళ్ళ ఖాళీ వదిలి ప్రింటు తీసి ఆవిడ చేతికివ్వండి. ఆవిడ రోజుల్లో రాసింది రాజమండ్రి రత్నం పెన్నుతోనైనా ఇప్పుడు పెన్సిలే ఇవ్వండి, దిద్దడానికి వీలు. చూపు ఆనకపోతే మీరు చదివి వినిపించండి, అదీ రికార్డు చేయండి. రాసింది వినేటప్పుడు చేసే దిద్దుబాట్లలోనే అంతకుముందు రాని పేర్లు వస్తాయి. ఆ పెన్సిలు గీతలున్న ప్రతి మీద తేదీ వేసి, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంతో కలిపి ఒకే కవరులో దాచండి.